సేవ పేరిట స్వహింస

పక్షవాతంతో మంచం పట్టిన వృద్ధురాలిని రెండేసి గంటలకొకసారి పక్కకు ఒత్తిగిలించాలి. లేనిచో వీపున పుండ్లు పడతాయి. అర్ధరాత్రి అయినా ఆ నియమానికి విరామం లేదు. పక్కబట్టలు మార్చడం, పొలమారకుండా జావ త్రాగించడం, మందుల వేళలు కనిపెట్టడం, ఇవన్నీ ఏళ్ల తరబడి ఒక్క కోడలే, లేదా అవివాహితయైన ఒక్క కుమార్తే నిర్వహిస్తుంది. ఆమె ఒకనాడు విసుక్కుంటే, "పుణ్యకార్యం, ఓర్చుకోవాలమ్మా" అని హితవు పలకడానికి పండుగకు వచ్చిపోయే బంధువర్గమంతా సిద్ధం. అంతటి పుణ్యంలో భాగం అడిగేవారు మాత్రం ఒక్కరూ కానరారు!

ఈ హితోపదేశానికి శాస్త్రాన్ని సాక్ష్యం పిలవడం శాస్త్రాపచారం. అతిగా మేల్కొనేవానికి యోగం సిద్ధించదని గీత 6వ అధ్యాయం స్పష్టపరుస్తుంది. దేహాన్ని కృశింపజేసే ఘోరతపస్సు అంతర్యామిని సైతం పీడిస్తుందని, అది ఆసురమని 17వ అధ్యాయం నిందిస్తుంది. అరణ్యంలోని తపస్వికి వర్తించిన ఈ నిషేధం, రోగి మంచం పక్కన జాగరణ చేసే గృహిణికి వర్తించదా?

కాయక్లేశభయంతో కర్మను విడవడం రాజసత్యాగమని 18వ అధ్యాయం చెప్పలేదా అని కొందరి ఆక్షేపణ. చెప్పింది. అయితే ఒక రాత్రి నిద్రను అర్థించే స్త్రీ కర్మను విడవలేదు. విడిచినవారు ఆ ఇంటి గడప త్రొక్కని తోబుట్టువులు. ఆ శ్లోకం వినిపించవలసింది వారికి.

ఇక శ్రవణకుమారుని ప్రస్తావన. వాల్మీకి రామాయణంలో ఆ మునికుమారునికి ఆ పేరు లేదు, భుజాన కావడీ లేదు. ఉన్నది ఇంతే: అంధులైన తల్లిదండ్రులకు అతడొక్కడే ఆధారం, నీటికై వెళ్లి దశరథుని బాణానికి అతడు కూలగానే ఆ దంపతులూ చితినెక్కారు. భారమంతా ఒక్క భుజంపై ఉంటే ఏమవుతుందో ఆ కథ చెప్పినంత కఠోరంగా మరేదీ చెప్పదు. దానినే ఆదర్శమని కోడళ్లకు బోధిస్తున్నారు!

మాతాపితలను దైవంగా భావించమన్న తైత్తిరీయోపదేశం విద్య ముగించిన శిష్యునికి, అనగా బిడ్డకు. తల్లిదండ్రుల పోషణకై వచ్చిన 2007 నాటి చట్టం సైతం కుమారుని, కుమార్తెను, మనుమలను పేర్కొన్నది, కోడలిని కాదు.

విదేశం నుండి వారం వారం వీడియో కాల్‌లో తల్లిని దర్శించి కన్నీరు పెట్టే కుమారుడు, అవతల ఆ ఫోను పట్టుకున్న చేయి ఎవరిదో గమనించవచ్చు. గత రాత్రి ఆమె ఎన్ని గంటలు నిద్రించిందో అడగవచ్చు. రాత్రివేళ ఆయాను నియమించి, ఆ జీతం తానే పంపవచ్చు.