గిన్నె మీద పేరు

సంఘం సమావేశాల్లో కవిత చదవడం మనకు అలవాటే. చప్పట్లు కొట్టి ఎజెండాలోకి వెళ్ళిపోవడమూ అలవాటే. కవితకు అర్థం చెప్పడం కాలేజీ పంతుళ్ళ పని, మన పని హక్కులు అనే ధోరణి దీని వెనుక ఉంది. ఈ ధోరణితో మేము ఏకీభవించలేము.

విమల రాసిన 'వంటిల్లు' చూడండి. చిన్ననాటి రుచులతో, వాసనలతో మురిపెంగా మొదలై, వంటిళ్ళను కూల్చేయాలన్న పిలుపుతో ముగుస్తుంది. పొయ్యి ఆర్పేస్తే పిల్లలకు తిండెవరు పెడతారని అడిగేవారు అతిశయోక్తిని ఆదేశంగా చదువుతున్నారు. కూలాల్సింది గోడలు కాదు, వంట ఆడదాని పుట్టుకతోనే వచ్చిందనే ఏర్పాటు.

అయితే ఆ కవితకు ఆయువుపట్టు ముగింపులో లేదు. అమ్మ వంటింటికి మహారాణి. గిన్నెల మీద మాత్రం నాన్న పేరు! మహారాణి అనడం వ్యంగ్యం, గిన్నె మీది పేరు ప్రతీక. కానీ ఇది ఊహించి తెచ్చిన ప్రతీక కాదు. స్టీలు సామాన్ల షాపులో గిన్నె కొని పేరు కొట్టించుకోవడం మనకు తెలియనిదా? తోమేది ఒకరు, పేరు మరొకరిది. పొలం పట్టాలోనూ జరిగేది అదే.

ముదిగొండలో ఈ కవిత చదివితే ఇంకో ప్రశ్న వస్తుంది. 2007 జులై 28న ఇళ్ళ స్థలాలు, భూమి కావాలని ఆందోళన చేసిన వారిపై పోలీసులు కాల్పులు జరిపి ఏడుగురి ప్రాణాలు తీసిన చోటు ఇది. ఒంటి గది గుడిసె, ఆరుబయట మూడు రాళ్ళ పొయ్యి ఉన్న కూలీ మనిషి "నాకు వంటిల్లే లేదు కదా, దేన్ని కూల్చను?" అంటే ఆమెకు కవిత అర్థం కాలేదని తేల్చేయకూడదు. ఆ ప్రతీక ఎవరి ఇంట్లో పుట్టిందో ఆమె చెబుతోంది. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన దళిత స్త్రీల సంకలనం 'నల్లపొద్దు'ను పక్కన పెట్టుకుని 'వంటిల్లు' చదవాలని మేము కోరడం అందుకే.

చట్టం సంగతి కూడా ఈ చర్చలోనే రావాలి. 2005 గృహహింస చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఇంటి కాగితంలో పేరు లేకపోయినా కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు స్త్రీకి ఉంది. ఉండే హక్కే గానీ ఆస్తి హక్కు కాదు. అదే చట్టం 19వ సెక్షన్ కింద స్త్రీధనాన్ని తిరిగి ఇప్పించమని మేజిస్ట్రేటును కోరవచ్చు. సారె గిన్నెలూ అందులోకే వస్తాయి. అవి తనవేనని చూపించాల్సి వచ్చినప్పుడు వాటి మీద కొట్టించిన పేరు సాక్ష్యానికి పనికొస్తుంది. కూతురికి సారె పెట్టే తల్లులు ఆమె పేరే కొట్టించమని షాపులో అడగాలి, బిల్లు కూడా ఆమె పేరునే తీసుకోవాలి.