దవా సీసాలో లేదు, మన ఆదత్‌లో ఉంది

అక్వేరియంలో నాచు పట్టిందంటే మన ఇళ్లలో మొదట వినిపించే మాట ఒకటే: "దుకాణానికెళ్లి మందు పట్రా." నేను ఈ మాటకు ఖిలాఫ్. మర్జ్ ఏమిటో అడగకుండా దవా పోసే ఆదత్‌కు ఖిలాఫ్.

నేనూ ఆ గల్తీ చేసినవాణ్నే. మా చిన్నోడి జిద్ మీద ఈద్‌కి రెండడుగుల ట్యాంకు కొన్నాం. అనూబియాస్ మొక్కలు, నియాన్ టెట్రాలు, పది చెర్రీ రొయ్యలు. మూడు నెలలకు ఆకుల అంచుల మీద గడ్డంలా నల్లటి కుచ్చులు మొలిచాయి. దాని పేరే బ్లాక్ బియర్డ్. గోరుతో గీకినా ఊడదు. "రెండు మూతలు పోయండి భాయ్, వారంలో సాఫ్" అని దుకాణదారు సీసా చేతిలో పెట్టాడు. పోశాను. మూడో రోజు ఫజ్ర్ నమాజ్ నుంచి వచ్చేసరికి రొయ్యలన్నీ అడుగున పడున్నాయి. నాచు అలాగే ఉంది. సీసా మీద చిన్న అక్షరాల్లో 'కాపర్' అని ఉంది. రాగి రొయ్యలకూ నత్తలకూ జహర్. అమ్మినవాడు చెప్పలేదు, కొన్న నేను చదవలేదు.

"అబ్బా, వాటి కుసూర్ ఏంటి?" అన్నాడు వాడు.

కుసూర్ నాది. లైటు రోజుకి 12 గంటలు వెలిగేది. ఇంటికి మెహమాన్ వస్తే పిల్లలు పిడికెడు దాణా వేసేవాళ్లు. నీళ్లు నెలకోసారి మార్చేవాళ్లం. నాచు తనంతట తాను రాలేదు. దస్తర్‌ఖాన్ పరిచి దావత్ ఇచ్చింది మేమే. దాన్ని మందుతో చంపినా దావత్ ఆగనంతవరకు మళ్లీ వస్తుంది. పైగా ఒక్కసారిగా చచ్చిన నాచు కుళ్లితే నీళ్లలో ఆక్సిజన్ పడిపోయి చేపల ప్రాణం మీదికొస్తుంది.

పర్హేజ్ ఇలాజ్ కంటే బెహతర్ అని మన బుజుర్గులు ఊరికే అనలేదు. లైటు 6, 7 గంటలకు తగ్గించండి, టైమర్ పెట్టండి. కిటికీ ఎండ పడనీయకండి. రెండు నిమిషాల్లో తినేసేంతే దాణా వేయండి. వారానికోసారి మూడో వంతు నీళ్లు మార్చండి, క్లోరిన్ తీసేసిన నీళ్లే పోయండి. నల్లబడ్డ ఆకు మళ్లీ బాగుపడదు, కత్తిరించేయండి. హార్న్‌వర్ట్, వాటర్ స్ప్రైట్ లాంటి త్వరగా పెరిగే మొక్కలు వేస్తే నాచుకి దక్కే ఖురాక్ అవి లాగేస్తాయి. కార్బన్ డయాక్సైడ్ ఇచ్చేవాళ్లు రోజూ ఒకే మోతాదులో ఇవ్వాలి. ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ అయితే నల్ల గడ్డానికి పండగే.

"సక్కర్ చేప వేయండి, అదే తినేస్తుంది" అంటారు కొందరు. ఇది ఇంకా పెద్ద ధోకా. రెండంగుళాల పిల్లగా అమ్మే ఆ ప్లెకో అడుగు దాటి పెరుగుతుంది. నల్ల గడ్డం జోలికి పోదు. ట్యాంకులో జాగా చాలక జనం దాన్ని చెరువులో వదిలేస్తారు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఈ జాతే ఇవాళ మన తెలుగు చెరువుల్లో జాలర్ల వలలు చింపుతున్న డెవిల్ ఫిష్. మన ఇంటి సఫాయి కోసం ఇంకొకరి రోజీ మీద కొట్టడం ఏ ఇన్సాఫ్?

"ఇదంతా నెలల పని కదా" అంటారు. అవును, సబర్ కావాలి. సబర్ లేనివాళ్లు ట్యాంకు కొనకండి. పిల్లిని కట్టేసి, తిండి పెట్టక చంపిన ఔరత్ వాకియా మన పిల్లలకు మక్తబ్‌లోనే చెబుతాం. అద్దాల పెట్టెలో పెట్టిన జానదార్‌కి కూడా పారిపోయే దారి లేదు. అది మన చేతిలో అమానత్.

మా ట్యాంకులో ఆరో వారానికి తొలి సాఫ్ ఆకు వచ్చింది. రొయ్యలు ఇంకా కొనలేదు. రాగి పూర్తిగా పోయిందని పరీక్షలో తేలాకే కొందామని చిన్నోడే అన్నాడు.