తలల లెక్క

శ్రీకూర్మంలో కాపురమంటే, పితృకార్యాలకై శ్వేతపుష్కరిణికి వచ్చే బంధువుల రాక తప్పదు. మా వెనుక వాటాలో అద్దెకున్నవారింటికి నిరుడు ఆరుగురు వచ్చి నాలుగు రోజులున్నారు. బోరు మోటారు కరెంటు ఖర్చును తలల లెక్కన పంచుకొనే ఏర్పాటు మాది. ఆ ఆరుగురినీ లెక్కలో చేర్చాను.

"మేష్టారూ, మా మామగారి పిండాలకు వాడిన నీళ్లు కూడా ఇందులో ఉన్నాయాండీ?" అని అడిగి, ఇల్లాలు మారుమాట లేక సొమ్మిచ్చింది.

నా అభిప్రాయం అప్పుడు మారింది. మోటారుకు సబ్ మీటరు పెట్టి వాటాల చొప్పున పంచుకోవాలి, లేదా నీటి ఖర్చును అద్దెలోనే కలిపి మొదటే కాగితంపై వ్రాసుకోవాలి. సెప్టిక్ ట్యాంకు తోడించే ఖర్చు మాత్రం యజమానిదే; అద్దెకున్నవారు దానిని వెంట తీసుకుపోరు గదా! బాకీ పేరిట కుళాయి కట్టివేయడం అధర్మం. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం సైతం నీటిని, పారిశుద్ధ్య సేవలను ఆపరాదంటుంది.

ఆ ఆరుగురి వంతును మరునెల అద్దెలో మినహాయించాను. ఆమె వద్దనలేదు.