దారి తప్పిన కోపము

అమెరికా దేశమందు ‘ఎల్లోస్టోన్’ అను టెలివిజన్ సీరియలు 2018 మొదలు 2024 వరకు నడిచినది. మోంటానా రాష్ట్రములో విస్తారమైన పశువుల మేత భూములు గల డటన్ అను కుటుంబపు కథ అది. గుఱ్ఱములు, తుపాకులు, భూమి తగాదాలు, తోబుట్టువుల పగలు. పొలము గట్టు కొరకు తలలు పగులగొట్టుకొనుట చూచిన మనకు అది క్రొత్త కథ కాదు. టోపీలు మాత్రమే వేరు. దానిలో ఒక్క భాగమును గూర్చియు, దానిని చూచినవారు చేసిన రభసను గూర్చియు మీతో మాటలాడవలెను.

ఆ యింటి కుమార్తె పేరు బెత్. ఆమె నోరు కత్తివంటిది. జేమీ అను అన్న ఎదుటపడినయెడల ఆమె నిప్పు త్రొక్కినట్లగును. ఈ ద్వేషము ఏలనో రెండు సంవత్సరములు చూచువారికి చెప్పలేదు. 2020 జూలైలో వచ్చిన భాగములో బయటపెట్టిరి. బెత్ చిన్నపిల్లయై యుండగా గర్భవతి అయినది. తండ్రికి చెప్పుటకు భయపడి అన్నను ఆశ్రయించినది. పట్టణములోనైతే ఇంటిపేరు బయటపడునని జేమీ ఆమెను రిజర్వేషనులోని ఆస్పత్రికి తీసికొనిపోయెను. అచ్చటి ఉద్యోగిని, ఇక్కడ గర్భము తీసినయెడల మరల పిల్లలు పుట్టకుండ ఆపరేషను కూడ చేయుదురు, అది ఇక్కడి నియమము అని అతనితో చెప్పెను. అతడు సరే అనెను. చెల్లెలికి ఒక్క మాటయైనను చెప్పలేదు.

గర్భము తీయించుకొనుటను గూర్చి మన సంఘములలో ఏమి తలంతురో నేనెరుగుదును. ఇప్పుడు ఆ చర్చ వలదు. ఆ పిల్ల అడిగినది ఒకటి, ఆమెకు చేసినది మరియొకటి. ఆ రెండవదానిని గూర్చియే నా మాట.

చూచినవారికి ఒళ్లు మండినది. జేమీని తిట్టని నోరు లేదు. అంతవరకు బెత్‌ను గయ్యాళి అన్నవారు, అయ్యో, ఇందుకా యని కన్నీరు పెట్టిరి. కొందరు జేమీ పక్షము వహించి, అతడును పిల్లవాడే కదా, తండ్రికి భయపడినాడు కదా అనిరి. వేరు కొందరు, ఇంతటి దుఃఖము ఒక స్త్రీ పాత్రకు తగిలింపనిదే మీకు కథ నడువదా యని వ్రాసినవారిని నిలదీసిరి. ఈ చివరి మాటలో సత్యము కలదు. మొదటి కోపము కూడ న్యాయమైనదే. ఒక ఆడపిల్ల శరీరము విషయమై ఆమెను అడుగక అన్న నిర్ణయించుట దుర్మార్గము. దానికి కోపము రానివాడు మనుష్యుడు కాడు.

అయితే చదువరీ, ఆ రభస అంతటిలో మిక్కిలి తక్కువమంది అడిగిన ప్రశ్న ఒకటున్నది. ఆ ఆస్పత్రిలో ఆ నియమము ఎవరి కొరకు పెట్టిరి? డటన్‌వారి పిల్ల వచ్చునని ఎదురుచూచి పెట్టలేదు గదా!

రిజర్వేషను అనగా మన దేశములోని సీట్లు, ఉద్యోగముల సంగతి కాదు. ఆ దేశపు ఆదివాసులకు, వారి దేశమంతయు తీసికొనిన పిమ్మట, మిగిల్చిన భూభాగములకు ఆ పేరు. అచ్చటి ఆస్పత్రులను ‘ఇండియన్ హెల్త్ సర్వీసు’ అను ప్రభుత్వ శాఖ నడిపెను. ఆ శాఖ డాక్టర్లు 1970 దశకములో చేసిన పనులు కల్పితములు కావు.

1972లో లాస్ ఏంజిలిస్ పట్టణమందు కానీ పింకర్టన్ యూరి అను డాక్టరమ్మయొద్దకు 26 ఏండ్ల ఆదివాసి స్త్రీ వచ్చినది. తనకు క్రొత్త గర్భసంచి పెట్టుమని అడిగినది. ఆమెకు 20 ఏండ్ల ప్రాయమందే ప్రభుత్వ డాక్టరు గర్భసంచి తీసివేసియుండెను. మరల పెట్టవచ్చునని ఆమె నమ్మియుండెను. గర్భసంచి ఆపరేషను అను మాట మన పల్లెలలో ఏ స్త్రీకి తెలియదు? ఆ డాక్టరమ్మ ఏమి జవాబు చెప్పియుండునో మీరే తలంచుకొనుడి.

మరుసటి సంవత్సరము అలబామా రాష్ట్రములో రెల్ఫ్ అను నల్లజాతి కుటుంబమునకు చెందిన అక్కచెల్లెండ్రకు, ఒకతెకు 14 ఏండ్లు, మరియొకతెకు 12 ఏండ్లు, ఆపరేషను చేసిరి. తల్లికి చదువు రాదు. సూదిమందు కొరకని తలంచి కాగితము మీద అడ్డగీతల గురుతు పెట్టెను. మనకైతే వేలిముద్ర. ఆ వ్యాజ్యము మీదనే 1974లో, 21 ఏండ్ల లోపు వారికి ప్రభుత్వపు సొమ్ముతో ఇట్టి ఆపరేషను చేయరాదని కట్టడి వచ్చినది.

కట్టడి వచ్చిన తరువాత ఏమి జరిగినది? సెనేటరు జేమ్స్ అబురెజ్క్ అడుగగా ప్రభుత్వ లెక్కల శాఖవారు విచారించి 1976లో నివేదిక ఇచ్చిరి. పండ్రెండు ప్రాంతములలో వారు చూచినవి నాలుగు మాత్రమే. ఆ నాలుగింటిలో 1973 మొదలు 1976 వరకు 3,406 ఆపరేషనులు! వారిలో 36 మంది, కట్టడిని త్రోసివేసి ఆపరేషను చేయబడిన, 21 ఏండ్ల లోపు వారు. సమ్మతి పత్రములు సరిగా లేవని కూడ వ్రాసిరి. ఇంత వ్రాసినవారు ఆ స్త్రీలలో ఒక్కరినైనను పిలిచి మాటలాడలేదు. కాగితములను అడిగిరి.

అడిగినది మేరీ సాంచెజ్. ఆమె మోంటానాలోనే, ఆ సీరియలు కథ నడిచిన ఆ రాష్ట్రములోనే, ఉత్తర చెయెన్ జాతివారి న్యాయాధిపతి. తన జాతి స్త్రీలలో 50 మందిని అడిగి చూడగా 26 మందికి ఆపరేషను జరిగియుండెను. సగముకంటె ఎక్కువ. చిన్న జాతియందు ఇట్లు జరిగినయెడల తరువాతి తరము ఎక్కడనుండి వచ్చును?

ఇప్పుడు సీరియలు చేసిన పని చూడుడి. గర్భము తీయించుకొన వచ్చిన సమయములో ఇట్టి సమ్మతి తీసికొనరాదు, 21 ఏండ్లు నిండవలెను, సమ్మతి ఇచ్చిన పిమ్మట 30 దినములు ఆగవలెను అని 1979 నుండి ఆ దేశమందు నిబంధనలున్నవి. బెత్ కథ అంతకు చాల తరువాతిది. అనగా ప్రభుత్వ డాక్టర్లు ఆదివాసుల మీద చేసిన పాపమును తీసి, కాలము మార్చి, ఆదివాసుల ఆస్పత్రి నియమముగా చూపి, దాని వలన నష్టపడినది ధనవంతుని కుమార్తె అని కథ కట్టిరి. దోపిడి జరిగిన యింటివారినే దొంగలుగా నిలువబెట్టుట యనగా ఇదియే. అచ్చట బల్ల మీద మాటలాడిన ఉద్యోగిని తప్ప, ఆ నియమము క్రింద నలిగిన ఒక్క ఆదివాసి స్త్రీ ముఖమైనను ఆ సన్నివేశములో కనబడదు.

కథ కథయే గదా, ఇంత రాద్ధాంతమేల అందురా? చూచినవారు దానిని కథగా విడువలేదు. నిజమైన కోపము తెచ్చుకొనిరి, నిజమైన కన్నీరు విడిచిరి. అంత కోపము ఉన్నప్పుడు అందులో గుప్పెడైనను నిజముగా దెబ్బతిన్నవారి వైపు పోవలదా? సీరియలు చూచిన తరువాత వెదకి ఆ చరిత్రను తెలిసికొని, ఇతరులకు చెప్పినవారును కొందరు కలరు. వారికి నా వందనములు. మిగిలినవారు తరువాతి వారము జేమీ ఏమగునోయని కనిపెట్టుకొని కూర్చుండిరి.

దూరదేశము వారిని తిట్టుట సుళువు. ఆ నివేదిక వచ్చిన 1976లోనే మన దేశమందు అత్యవసర పరిస్థితి నడుచుచుండెను. 1976-77 సంవత్సరములో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషనులు జరిగెను. అధికులు పురుషులు, అనేకులు బలవంతమునకు లొంగినవారు. మీ ఊరి పెద్దలలో ఆ దినములు ఎరిగినవారు ఇంకను ఉండవచ్చును, అడుగుడి. మొన్న 2022 ఆగస్టులో రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నములో ఒక్క దినమున 34 మంది స్త్రీలకు ఆపరేషను చేయగా నలుగురు తల్లులు చనిపోయిరి. అచ్చట బలవంతమని నేను చెప్పుట లేదు. పేద స్త్రీ ప్రాణమును ఒక్కపూట లెక్కలో వేసిరని చెప్పుచున్నాను. రాత్రి సీరియలులో ఏ కోడలికి ఏ అత్త విషము పెట్టినదో మన యిండ్లలో అందరికి తెలియును. ఆ నలుగురి పిల్లలు ఎవరియొద్ద పెరుగుచున్నారో మనలో ఎందరము విచారించితిమి?

2024 డిసెంబరులో ఆ అమెరికా సీరియలు ముగిసినది. చివరి భాగములో బెత్ తన అన్నను చంపెను. నాలుగేండ్లుగా ఆ ఘడియ కొరకు కాచుకొనినవారు, లెక్క తీరినదని తృప్తిపడిరి. మోంటానాలో మేరీ సాంచెజ్ లెక్కించిన ఆ 26 మంది స్త్రీల సంగతి ఏ భాగములోను రాలేదు.