కొల్లాపూర్ ఓటరు మీద ఈ నింద ఎందుకు?

2023 తెలంగాణ అసెంబ్లీ ఎన్నికల్లో కొల్లాపూర్ నుంచి స్వతంత్రంగా పోటీచేసిన, సోషల్ మీడియాలో పేరొచ్చిన బర్రెలక్క, అంటే కర్నె శిరీషకు 5,754 ఓట్లు పడ్డాయి. నాటి నుంచి ఒక మాట తిరుగుతోంది: "ఫోన్లలో లక్షలమంది చూసిన్రు, బూత్‌లకు పోయి పైసలిచ్చినోళ్లకే గుద్దిన్రు. జనమే ఇట్లుంటే సంస్కరణలతో ఏమైతది?" ఈ మాట తప్పు. ఓటరుకు అన్యాయం చేసే మాట కూడా.

కొల్లాపూర్ ఓటరు అధికారానికి తలవంచే రకం కాదు. 2018లో రాష్ట్రమంతా టీఆర్‌ఎస్ గాలి వీస్తుంటే, ఆ పార్టీ మంత్రి జూపల్లి కృష్ణారావును ఓడించి కాంగ్రెస్ అభ్యర్థి బీరం హర్షవర్ధన్ రెడ్డిని గెలిపించాడు. మరుసటి ఏడాదే బీరం టీఆర్‌ఎస్‌లోకి వెళ్లారు. మాట తప్పింది ఓటరు కాదు. 2023లో అదే ఓటరు బీరంను ఇంటికి పంపాడు.

స్వతంత్రులంటే చిన్నచూపా? 2004లో జూపల్లి గెలిచింది స్వతంత్రుడిగానే. అప్పటికే ఆయన ఎమ్మెల్యే, గెలుస్తారన్న నమ్మకం జనంలో ఉంది. శిరీష విషయంలో ఆ నమ్మకం లేదు. ఒక్క ఓటు ఎక్కువొచ్చినా గెలుపే అనే పద్ధతిలో, "మంచి పిల్లే, కానీ ఓటు మురిగిపోతది" అనుకోవడం అమ్ముడుపోవడం కాదు, ఉన్న నిబంధనను సరిగ్గా అర్థం చేసుకోవడం.

అమెరికా ఓటరుదీ ఇదే ఇరకాటం. 1992 అధ్యక్ష ఎన్నికల్లో స్వతంత్రుడు రాస్ పెరోకు దాదాపు 19 శాతం ఓట్లొచ్చినా, అధ్యక్షుణ్ని తేల్చే ఎలక్టోరల్ ఓటు ఒక్కటీ దక్కలేదు. అయితే మెయిన్ రాష్ట్ర ప్రజలు 2016లో నిబంధననే మార్చుకున్నారు. అక్కడ అభ్యర్థులకు ఒకటి, రెండు, మూడు అని వరుస ఇస్తారు. ఎవరికీ సగానికి మించి రాకపోతే, అడుగున ఉన్నవాళ్లను తప్పించి, వాళ్ల ఓట్లను తర్వాతి ఎంపికకు కలుపుతారు. నచ్చినవాళ్లకు వేయడానికి జంకక్కర్లేదు.

డబ్బు పంచడం అబద్ధమని నేననను. కానీ పంచే చేతిని వదిలి, పుచ్చుకున్న చేతినే తిడితే ఎలా? అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు 40 లక్షల పరిమితి ఉంది, పార్టీల ఖర్చుకు ఏ పరిమితీ లేదు.

కాబట్టి ఓటరుకు నీతిబోధ ఆపి, పార్టీల ఖర్చుకు హద్దు పెట్టమని అడగండి. పార్టీ మారినవాళ్లు రాజీనామా చేసి మళ్లీ ప్రజల ముందుకు రావాలని అడగండి. వరుస ఎంపిక ఓటును కనీసం స్థానిక ఎన్నికల్లోనైనా పరీక్షించమని అడగండి. ఇవేవీ అడగకుండా కొల్లాపూర్ జనాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు.