తోటలో పెండ్లి

పట్టణపు కల్యాణమండపమును విడిచి మామిడితోటలోనో కొబ్బరితోటలోనో పెండ్లి చేసికొందుమనియు, తంతు నడుమ కొంతసేపు మౌనధ్యానమున కూర్చుందుమనియు యువతీయువకులు కోరుట నేడు మన యిండ్లలో వినవచ్చుచున్నది. పెద్దలలో కొందఱు దీనిని పరదేశపు వింతగా నెంచి ముఖము చిట్లించుచున్నారు. మే మట్లు తలంపము. నిజమునకు అద్దె మండపమే మనకు క్రొత్త. వాకిట రాట పాతి, తాటాకు కప్పి, మామిడితోరణములు గట్టి, ద్వారమున కిరుప్రక్కల అరటిచెట్లు నిలుపుట యన నేమి? తోట నింటికి దెచ్చుకొనుటయే గదా! అంకురార్పణమున పాలికలలో మన్నుపోసి నవధాన్యములు చల్లి, ఆ మొలకలను జూచి సంతసించిన వారము మనమే.

ధ్యానమును మనకు క్రొత్తగా నేర్పవలసినది కాదు. ముహూర్తమునకు ముందు వధువు గౌరీపూజకు కూర్చుండును. పుట్టినింట నామెకు మిగిలిన ఏకాంత మా కొద్ది ఘడియలే. నేడు దాని గతి యేమి? "అమ్మా, తల యెత్తండి, ఇటు చూడండి" యని ఛాయాగ్రాహకుని యాజ్ఞ. నెత్తిపై డ్రోను రొద. ప్రక్కన మైకులో సినిమాపాట. తెర పట్టి జీలకఱ్ఱబెల్లము పెట్టువేళ పురోహితుని మంత్రము వధూవరులకే వినబడదు. ఇట్టి చోట నుండి పిల్లలు తోటకు పారిపోదుమన్నచో తప్పు పిల్లలదా?

అయితే వారికిని ఒక మాట చెప్పవలసియున్నది. మౌనమును చేర్చుకొనుడు, సప్తపదిని మాత్రము తీసివేయకుడు. సప్తపది యాచారముగా గలవారికి, ఏడవ యడుగుతో వివాహము పూర్ణమగునని 1955 నాటి హిందూ వివాహచట్టము చెప్పుచున్నది. తగిన తంతు జరుపక ధ్రువపత్రము సంపాదించినంత మాత్రమున హిందూవివాహము కాదనియు, పెండ్లి యనునది ఆటపాటలకును విందులకును మాత్రమే యేర్పడిన సందర్భము కాదనియు 2024లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. తంతే వలదనువారికి 1954 నాటి ప్రత్యేక వివాహచట్టము వేఱుగా నున్నది. ఉంచుకొన్న యేడడుగులను మాత్రము ఒక్కొక్కటిగా, పురోహితుడు తెలుగున అర్థము చెప్పుచుండగా, నిదానముగ నడువుడు. అంతకు మించిన ధ్యానమును మే మెఱుగము.

వ్యయము మాట. ప్రశాంతతను గూడ నింత యని రేటు గట్టి యమ్ము కంట్రాక్టరులు వెలసిరి. చెట్లకు వేలాడదీయు దీపములు, దూరదేశపు పువ్వులు, ధ్యానము చేయించుటకు వేఱొక గురువు! ఈ పట్టీ తుదకు వధువు తండ్రి చేతికే వచ్చునేని, తోట పెండ్లికిని మండపపు పెండ్లికిని భేద మేమి? చెట్లనీడ ఖరీదు లేనిదని గదా మనము తోటకు పోయినది.

ఇక వేళ. 2000 నాటి ధ్వనికాలుష్య నిబంధనల ననుసరించి ఆరుబయట రాత్రి 10 మొదలు ఉదయము 6 గంటల వఱకు మైకులు పెట్టరాదు. కనుక అర్ధరాత్రి లగ్నము తోటకు పొసగదు. వైశాఖ జ్యేష్ఠములలో మధ్యాహ్నపు టెండయు పొసగదు. ఎండుటాకుల నడుమ హోమగుండ మప్పుడు ప్రమాదము గూడ. మిగిలినది సాయంకాలము. దీనికి మఱియొక లాభము గలదు. పట్టపగలు ఆకసమునకు వ్రేలు చూపి "అదిగో అరుంధతి" యనగా, కానరాని నక్షత్రమును గంటిమని వధూవరులు తలయూపుట మన మందఱ మెఱిగిన వినోదమే. మార్గశిరమున సాయంకాలము సప్తర్షి మండలము మనకు దిగంతమున కడుగుననే యుండును. వైశాఖమున నట్లు గాదు. చీకటిపడినంతనే ఈశాన్యమున చక్కగా పైకి వచ్చి యుండును. వసిష్ఠుని ప్రక్కన అరుంధతి చిన్న చుక్క. నగరపు వెలుగులో నది మాయమగును, తోటచీకటిలో కంటి కానును.

లగ్నము పెట్టించునప్పుడు సిద్ధాంతిగారి నీ మాట యడిగి చూడుడు. గోధూళివేళ కుదిరినచో, ముహూర్తమైన పిమ్మట పది నిమిషములు దీపము లన్నియు నార్పించి, వచ్చిన చుట్టములతో గూడ ఉత్తరదిక్కునకు తిరిగి నిలువుడు.