బావిలో ఉంటేనే కదా చేదలోకి వచ్చేది!

జూన్ నెల వచ్చిందంటే ఏ ఇద్దరు తల్లులు కలిసినా ఒకటే మాట: "మీ పాపది ఏ మీడియం?" కూరగాయల బండి దగ్గరా, బస్టాపులోనూ, గుడి మెట్ల మీదా ఇదే ప్రశ్న. నాలుగిళ్లలో పాచిపని చేసి ఫీజు కట్టే తల్లి నుంచి బ్యాంకులో ఉద్యోగం చేసే తల్లి దాకా అందరి కోరికా ఒకటే. "మాకెలాగూ రాలేదు, మా పిల్లకైనా ఇంగ్లిషు రావాలి." ఆ కోరికను తప్పుపట్టడానికి ఎవరికీ హక్కు లేదు. తమ పిల్లల్ని కాన్వెంట్లలో చదివించుకుంటూ ఎదుటివాళ్లకు తెలుగు గొప్పతనం బోధించేవాళ్లకైతే అసలే లేదు.

కానీ నాదొక సందేహం. మీడియం గురించి ఇన్నేళ్లుగా ఇంతమందిమి మాట్లాడుకుంటున్నాం కదా, "మా పిల్లకు ఇంగ్లిషు చెప్పే టీచరమ్మకు ఆ ఇంగ్లిషు ఎవరు నేర్పారు? పసిపిల్లలకు దాన్ని ఎలా చెప్పాలో ఎవరు చూపించారు?" అని మనలో ఎంతమందిమి అడిగాం?

ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరులో సర్కారు బళ్లను ఇంగ్లిషు మీడియంలోకి మారుస్తూ ఉత్తర్వులు వచ్చాయి. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టేసింది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆ వాదనలు ఒకపక్క నడుస్తుండగానే ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లిషు ఉన్న పుస్తకాలు బళ్లకు వచ్చేశాయి. తెలంగాణలోనూ 2022-23 నుంచి సర్కారు బళ్లలో ఇంగ్లిషు మీడియం మొదలైంది. బడి ముందు బోర్డు మారింది, పిల్లల సంచిలో పుస్తకం మారింది. నల్లబల్ల ముందు నిలబడే మనిషి మాత్రం నిన్నటి మనిషే. ఆమె తెలుగులో చదువుకుంది, తెలుగులోనే టీచరు ట్రైనింగు అయింది, నిన్నటిదాకా తెలుగులో చక్కగా పాఠం చెప్పింది. వేసవి సెలవుల తర్వాత వచ్చి అదే పాఠం ఇంగ్లిషులో చెప్పమంటే ఎక్కణ్నుంచి తెస్తుంది? బావిలో ఉంటేనే కదా చేదలోకి వచ్చేది!

"ఒకటో తరగతికి ఎంత ఇంగ్లిషు కావాలండీ, ఏబీసీడీలే కదా" అనేవాళ్లున్నారు. నిజానికి చిన్న తరగతులకు చెప్పడమే కష్టం. పదో తరగతి పిల్లలకైతే పుస్తకం ఆసరాగా ఉంటుంది. చదవడం రాని పసివాళ్లకు భాష చెవి ద్వారానే ఎక్కాలి. అంటే టీచరమ్మే వాళ్ల పుస్తకం. రమ్మనడం, కూర్చోమనడం, కథ చెప్పడం, మెచ్చుకోవడం, ముద్దుగా కసరడం ఇవన్నీ ఆమె నోట ఇంగ్లిషులో తడుముకోకుండా రావాలి. ఇంట్లోగానీ వీధిలోగానీ ఆ భాష చెవిన పడని పల్లె పిల్లకు అది పరాయిదేశపు భాష కిందే లెక్క.

ఇంకో చిక్కు కూడా ఉంది. మన తెలుగులో అక్షరం పేరూ, అది పలికే తీరూ ఒకటే. 'క' అంటే 'క'నే. ఇంగ్లిషు అలా కాదు. 'డబ్ల్యూ' అనే పేరులో 'వ' ఎక్కడుందో వెతకండి, దొరకదు! 'సి, ఏ, టి' అని విడివిడిగా చదివించి "ఇప్పుడు క్యాట్ అను" అంటే ఆ పసిది 'క్యా' అనే శబ్దాన్ని ఎక్కడ పట్టుకుంటుంది? అక్షరాల పేర్లు వేరు, వాటి శబ్దాలు వేరు అని వివరించి ఆడుతూ పాడుతూ నేర్పే పద్ధతులున్నాయి. అవి తెలియని చోట మిగిలేది బట్టీయమే. మూడో తరగతి పాప పాఠం గడగడా అప్పజెబుతుంటే మనం మురిసిపోతాం. మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి ఇదేంటో చెప్పమనండి. చాలామంది పిల్లలు మళ్లీ మొదటినుంచి అందుకుంటారు, లేదా బిక్కమొహం వేస్తారు.

దారి చూపించే పెద్దలు లేరా అంటే, మన ఊళ్లోనే ఉన్నారు. టీచర్లకు ఇంగ్లిషు బోధనలో శిక్షణ ఇవ్వడానికి హైదరాబాదులో 1958లోనే ఒక కేంద్ర సంస్థ పుట్టింది. ఇవాళ ఇఫ్లూ అని పిలుస్తున్న విశ్వవిద్యాలయం అదే. దక్షిణాది రాష్ట్రాల టీచర్ల కోసం 1963లో బెంగుళూరులో ఇంకో సంస్థ వచ్చింది. 1979 నుంచి 1984 దాకా ఎన్.ఎస్. ప్రభు అనే ఆయన బెంగుళూరు, మద్రాసు బళ్లలో చేసిన ప్రయోగాన్ని ప్రపంచమంతా చెప్పుకుంది. వ్యాకరణం వల్లె వేయించకుండా రైళ్ల టైంటేబులు, ఊరి పటం లాంటివి పిల్లల ముందుంచి లెక్క తేల్చమంటే, ఆ పనిలో పడి భాష దానంతటదే పట్టుబడుతుందన్నారాయన. 1980లలో బ్రిటన్ సాయంతో మన రాష్ట్రంలో ఏపీపెప్ అనే ప్రాథమిక విద్యా పథకం మొదలైంది. అది ఇంగ్లిషు కోసమే పెట్టింది కాకపోయినా, చుట్టుపక్కల టీచర్లందరూ ఒకచోట చేరి మాట్లాడుకునే కేంద్రాల అలవాటు దానితోనే వచ్చింది.

అంటే కొరత జ్ఞానానికి కాదు. ఆ జ్ఞానం టీచరమ్మ దాకా చేరే దారిలోనే ఉంది లోపమంతా. రాష్ట్రస్థాయిలో కొందరికి చెబుతారు. వాళ్లు జిల్లాలో, జిల్లావాళ్లు మండలంలో చెబుతారు. చేతులు మారేకొద్దీ పాలు పలచబడినట్టు, చివరికి ఆమెకు అందేది రెండు రోజుల ఉపన్యాసం, ఒక ఫైలు, మధ్యాహ్నం భోజనం. ఈత గురించి ఉపన్యాసం విన్నంత మాత్రాన ఈత వస్తుందా? శిక్షణ అయ్యాక ఆమె తరగతికి వచ్చి పక్కన కూర్చుని "ఇక్కడ ఇలా చేసి చూడమ్మా" అనేవాళ్లు అరుదు. వచ్చిన అధికారి అడిగేది రిజిస్టర్లు, ఫొటోలు, యాప్‌లో ఎక్కించారా లేదా అనే!

2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచరుకూ ఏడాదికి కనీసం 50 గంటల శిక్షణ ఉండాలంది. వినడానికి బాగుంది. అందులో చాలా భాగం ఇప్పుడు ఫోనులో వీడియోల రూపంలో వస్తోంది. నాకు తెలిసిన ఒక టీచరు నవ్వుతూనే చెప్పింది: "అది ఒకపక్క నడుస్తుంటుందండీ, నేను చపాతీలు వత్తుతుంటాను. సర్టిఫికెట్ మాత్రం వచ్చేసింది!" నవ్వింది గానీ ఆ నవ్వులో చిన్నతనం కనిపించింది నాకు. ఇది ఆమె బద్ధకం కాదు. పగలు బడి, సాయంత్రం ఇల్లు, ఆ పైన ఎన్నికల డ్యూటీ, సర్వేల డ్యూటీ. జిల్లా కేంద్రంలో పది రోజులు ఉండి నేర్చుకోమంటే చంటిపిల్లను ఎవరికి అప్పగించి వెళ్తుంది? శిక్షణ వేళలు ఖరారు చేసేవాళ్లకు ఆ ఇంట్లో పొయ్యి ఎవరు వెలిగిస్తారో గుర్తు రాదు.

ప్రైవేటు బళ్లలోని అమ్మాయిల సంగతి ఇంకా అన్యాయం. డిగ్రీ కాగానే చేరతారు, ఇంటద్దెకు కూడా చాలని జీతం. శిక్షణ అన్న మాటే ఉండదు. పిల్లల మెడలో టై, కాళ్లకు బూట్లు చూసి మనం ఇంగ్లిషు వచ్చేస్తుందనుకుంటాం. కొన్నిచోట్ల తెలుగు మాట్లాడితే జరిమానా కూడా! నిజానికి పిల్లకు వచ్చిన తెలుగే ఇంగ్లిషుకు నిచ్చెన. కథ ముందు తెలుగులో విని అర్థం చేసుకున్న పిల్ల, అదే కథను ఇంగ్లిషులో సగం విన్నా మిగతాది ఊహించుకుంటుంది. నిచ్చెన లాగేసి మేడ ఎక్కమంటే ఎలా?

మరేం చేయాలి? శిక్షణ అనేది ఏటా ఒకసారి జరిగే తంతులా కాకుండా వారం వారం జరిగే పని కావాలి. బడి పనివేళల్లోనే, నడిచి వెళ్లగల దూరంలోనే జరగాలి. ముందు టీచరుకు మాట్లాడే ధైర్యం, ఆ తర్వాతే బోధనా పద్ధతులు. నేను చూసిన ఒక ఊళ్లో అయిదుగురు టీచర్లు శనివారం సాయంత్రం ఒక గంట కూర్చుని పిల్లల బొమ్మల కథలు ఇంగ్లిషులో ఒకరికొకరు పైకి చదివి వినిపించుకుంటారు. తప్పులు వాళ్లలో వాళ్లే దిద్దుకుంటారు. వాళ్లలో పెద్దావిడ అన్న మాట నా మనసులో నిలిచిపోయింది. "ఇంగ్లిషు రాదని కాదమ్మా మా భయం, నవ్వుతారని." ఖర్చులేని ఆ గంటను సర్కారు లెక్కలో వేసి, నెలకోసారి తెలిసిన మనిషిని వాళ్ల తరగతికి పంపితే చాలు, సగం పని అయినట్టే.

మిగతా సగం మనది. విద్యాహక్కు చట్టం ప్రకారం సర్కారు బడి కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లే ఉండాలి. సంతకం పెట్టి వచ్చేయకండి. "మా టీచరమ్మకు ఈ ఏడు ఏ శిక్షణ ఇచ్చారు? ఎన్ని గంటలు? ఆ తర్వాత ఎవరొచ్చి చూశారు?" అని అడగండి. ప్రైవేటు బడిలోనైతే ఫీజు కట్టేముందు అడగండి. ఆమెను నిలదీయడానికి కాదు, ఆమె తరఫున.

ఆ టీచరమ్మ జంకు లేకుండా నోరు విప్పిన రోజునే మన పిల్లా నోరు విప్పుతుంది.